నల్లముసుగు పిట్ట

పెరట్లో ఎవరో అద్దం కోస్తున్నారు.

పళ్ళు తోముకుంటున్న మేస్త్రీ చెయ్యి ఆగిపోయింది. వజ్రపు ములికితో గాజు మీద గీత పెడితే వచ్చే సన్నని కీచు చప్పుడది. ఊళ్ళో సగం కిటికీలకి అద్దాలు బిగించిన మనిషికి ఆ చప్పుడేమిటో ఒకరు చెప్పాలా? తను వంటింటి గుమ్మంలో నోటినిండా నురగతో నిలబడి ఉండగా, తన పెరట్లో ఇంకొకడెవడో అద్దం కొయ్యడమేమిటి? పోటీ ఇంతదాకా వచ్చిందా అనుకుంటూ, ఆ వచ్చినవాణ్ణి నాలుగు దులిపేద్దామని బ్రష్షుతో సహా బయటికి వచ్చాడు.

పెరట్లో ఎవరూ లేరు. వెనక గోడ మీద గుబురుగా అల్లుకున్న తీగ, తాడు మీద ఆరేసిన దుప్పటి, అంతే. మళ్ళీ అదే చప్పుడు, ఈసారి తీగలోంచి. ఆకులు కదిలాయి. గుప్పిట్లో పట్టేంత పిట్ట ఒకటి పైకి వచ్చి గోడ మీద కూర్చుంది. పొట్ట పసుపు, వీపు బూడిద రంగు. ముక్కు మొదలు నుంచి చెవుల దాకా దొంగ గుడ్డ కట్టుకున్నట్టు నల్లని ముసుగు. అది నోరు తెరిచింది. అద్దం కోసిన చప్పుడే వచ్చింది.

మేస్త్రీ నురగంతా మింగేశాడు. అరవాలనిపించింది, అరిస్తే ఎగిరిపోతుందని ఊపిరి బిగబట్టాడు. పిట్ట అతని వంక ఒకసారి తల వంచి చూసి మళ్ళీ తీగలోకి దూరింది. అప్పుడు చూడాలి మేస్త్రీ పరుగు. యాభై ఏళ్ళ మనిషి, ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు.

ఆ పిట్ట మాట ఆ ఇంట్లో ఎత్తడం మానేసి ఇరవై ఏళ్ళు దాటింది. మేస్త్రీ ఇల్లరికం వచ్చిన ఏడాదే జరిగింది ఆ గొడవ. మామగారు అప్పట్లో తూనికలు కొలతల తనిఖీ అధికారి. ఆయన బజార్లో అడుగు పెడితే తక్కెళ్ళు వాటంతటవే సరిగ్గా నిలబడతాయని దుకాణాల వాళ్ళు ఎగతాళి చేసుకునేవారు. సెలవు రోజున మెడలో దుర్భిణి వేసుకుని పిట్టల వెంట పడటం ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం. అలాంటి వాళ్ళంతా కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుంది. అరుదైన పిట్టని చూశామని ఎవరైనా అంటే సభలో లేచి చెప్పాలి, మిగతావాళ్ళు అడిగినవాటికల్లా జవాబివ్వాలి. సంఘంలో ఇంకొకరు కూడా కళ్ళారా చూస్తే తప్ప ఒప్పుకోరు. ఇంట్లోవాళ్ళ సాక్ష్యం చెల్లదు. చాలాకాలంగా ఈ చుట్టుపక్కల ఎవరి కంటా పడని నల్లముసుగు పిట్ట తన సొంత పెరట్లో కనబడిందని మామగారు ఆ సభలో లేచి చెప్పారు.

"కూత ఎలా ఉందండీ?" అని అడిగాడు సంఘం అధ్యక్షుడు. ఆయన వృత్తికి పళ్ళ డాక్టరు.

"అద్దం కోసినట్టుంది."

"మీ కొత్త అల్లుడు అద్దాల మేస్త్రీ కదా? పక్కగదిలో పని చేసుకుంటున్నాడేమో చూసుకున్నారా?"

సభంతా గొల్లుమంది. ఆ తర్వాత ఆయన ఏం చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తి ప్రశ్నలు వేశారు. వెలుతురు ఎటునుంచి పడింది, అంతకు ముందు రాత్రి నిద్ర పట్టిందా, కళ్ళజోడు మార్చి ఎన్నాళ్ళయింది! చివరికి పళ్ళ డాక్టరు ఆయన భుజం మీద చెయ్యేసి, మనందరం ఎప్పుడో ఒకప్పుడు పొరబడతాం లెండి అన్నాడు. ప్రశ్నలకంటే ఆ ఓదార్పే ఎక్కువ కాల్చింది. నీ తక్కెడ తప్పు చూపిస్తోందని బతుకంతా ఎదుటివాడికి చెప్పిన మనిషి ఆయన. నీ కన్నే తప్పు చూపించిందంటే తల తీసేసినట్టు కాదూ? మామగారు ఇంటికొచ్చి దుర్భిణి మేకుకి తగిలించారు, మళ్ళీ ఆ సభ గడప తొక్కలేదు. అల్లుణ్ణి ఒక్క మాట అనలేదు. మేస్త్రీ మాత్రం ఆ రోజు నుంచి ఇంట్లో అద్దం కొయ్యడం మానేశాడు.

ఇప్పుడు మామగారు వెనకగదిలో మంచాన ఉన్నారు. స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఈ వయసులో అతకదన్నారు ఆసుపత్రివాళ్ళు, కూర్చోబెట్టవద్దన్నారు, తలకింద రెండు దిండ్లకి మించి ఎత్తు పెట్టవద్దన్నారు. సన్నని చప్పుళ్ళు ఆయన చెవులకి అందడం మానేసి చాలాకాలమైంది. ఈ మధ్య అన్నం కూడా సయించడం లేదు. ఎదుట ఉన్న కిటికీకి గరుకు అద్దం, దానిలోంచి వెలుగు తప్ప ఏమీ కనబడదు. దానివంకే చూస్తూ పడుకునేవారు.

"మామయ్యా! వచ్చింది మామయ్యా!"

"ఎవరు, నర్సా?"

"పిట్ట. మన పెరట్లోకి. నల్లముసుగు పిట్ట."

మామగారు కిటికీ మీదినుంచి చూపు అల్లుడి వైపు తిప్పారు. తర్వాత తనిఖీకి వచ్చిన అధికారి గొంతుతో మొదలుపెట్టారు. "పొట్ట?"

"పసుపు."

"తోక కింద?"

"తెలుపు."

"కంటి మీద తెల్లగీత ఏమన్నా ఉందా? సరిగ్గా గుర్తు తెచ్చుకుని చెప్పు."

"లేదు మామయ్యా. చెవిదాకా ఒకటే నలుపు."

"కూత?"

"అద్దం కోసినట్టుంది" అన్నాడు మేస్త్రీ.

"కోసింది నువ్వు కాదు కదా?" అన్నారు మామగారు. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆయన ఏడ్చేశారు. వంటింట్లోంచి కంగారుగా వచ్చిన కూతురికి ఏమైందో చెప్పే ఓపిక ఇద్దరికీ లేకపోయింది.

"వాణ్ణి పిలు" అన్నారు మామగారు కళ్ళు తుడుచుకుని. "ఆ పళ్ళ డాక్టర్ని. నా పక్కన నిలబడి చూడాలి వాడు. నేనూ చూడాలి. ఇంకెన్నాళ్ళుంటానో తెలీదు గానీ, అబద్ధాలకోరుగా మాత్రం పోను."

మేస్త్రీ ముందు ఫోటో తీద్దామని చూశాడు. తీగ ముందు ఫోను పట్టుకుని పొద్దెక్కేదాకా నిలబడితే దక్కింది ఒక్కటే, అది డాక్టరుకి పంపాడు. ఆకు చాలా బాగా వచ్చిందని జవాబొచ్చింది. అయినా డాక్టరు కాదనలేదు, ఆదివారం పొద్దున్నే వస్తానన్నాడు. అంతలోపల మేస్త్రీ ఇంకో సంగతి కూడా కనిపెట్టాడు. పిట్ట ఒక్కటి కాదు, జంట. తీగ లోపల గూడుంది, గూట్లో మూడు పిల్లలున్నాయి. మగదీ ఆడదీ వంతులేసుకుని పురుగులు తెచ్చి పెడుతున్నాయి. ఆ కబురు విన్న రోజు మామగారు మూడు ముద్దలు ఎక్కువ తిన్నారు.

ఇక మిగిలింది కిటికీ. మంచం గుమ్మంలోంచి బయటికి పట్టదు, ఆయన్ని ఎత్తడానికి లేదు. పిట్ట దగ్గరికి ఆయన వెళ్ళలేకపోతే పిట్ట ఉన్నచోటునే ఆయనకి కనబడేలా చెయ్యాలి. మేస్త్రీ గరుకు అద్దం ఊడదీశాడు, చట్రం కోసేశాడు, గోడని నడుమెత్తు దాకా దించాడు. ఇంట్లో దుమ్ము లేచి కూరగిన్నెల్లో పడుతున్నా అతని భార్య కిక్కురుమనలేదు. ఆవిడ మామూలుగా అలా ఊరుకునే మనిషి కాదు. మధ్యలో అతుకు లేని ఒకే పలక, తన దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మంచిది తెచ్చి బిగించాడు. తన చేతుల మీదుగా ఇన్నేళ్ళలో అంత శ్రద్ధగా బిగించిన అద్దం ఇంకొకటి లేదు.

బిగించాక ఎప్పటిలాగే దాని మీద సున్నంతో అడ్డంగా రెండు గీతలు పెట్టాడు. ఈ పనివాళ్ళందరికీ అది అలవాటు. కొత్త అద్దం కంటికి ఆనదు. అలవాటు పడేదాకా గుర్తు లేకపోతే మనుషులే వెళ్ళి తల పగలగొట్టుకుంటారు, ఇక పిట్టల సంగతి చెప్పేదేముంది? సున్నం గీత పెట్టని కుర్రాళ్ళని మేస్త్రీ ఎందరినో చీవాట్లు పెట్టాడు.

"ఆ గీతలేమిటోయ్ అల్లుడూ? సరిగ్గా గోడకి అడ్డొస్తున్నాయి."

"ఉండాలి మామయ్యా. అద్దం ఉందని తెలియాలి కదా."

"నాకు తెలుసు, నీకు తెలుసు. ఇంకెవరికి తెలియాలి? రేపొక్క రోజుకి తుడిచెయ్యి. నేను దాన్ని మొత్తంగా చూడాలి."

మేస్త్రీ తడిగుడ్డ చేతిలో పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు. ఒక్క పొద్దుటికే కదా అనుకున్నాడు. తుడిచాడు. లోపలివైపూ బయటివైపూ స్పిరిటు వేసి, ఎక్కడా మరక లేకుండా, అసలక్కడ అద్దమనేది లేనట్టు తుడిచాడు. పెరటి గోడ, తీగ, పైన ఆకాశం అన్నీ మామగారి మంచం ముందుకి వచ్చి కూర్చున్నాయి. బయట నిలబడి చూసినవాళ్ళకి కూడా అవే కనబడతాయి, అద్దంలో. ఆ సంగతి అద్దాల మేస్త్రీకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? తెలుసు. సంతోషంలో గుర్తు రాలేదు, అంతే.

ఆదివారం పొద్దున మామగారు గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడిగించుకుని, పొట్ట మీద దుర్భిణి పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. డాక్టరు ఇంకా రాలేదు. మేస్త్రీ మంచం పక్కన నిలబడ్డాడు. తీగ కదిలింది. ముసుగు వేసుకున్న తల బయటికి వచ్చింది.

"అదే" అన్నారు మామగారు. దుర్భిణి ఎత్తలేదు, ఎత్తాల్సిన పని లేదు. "అదేరా అల్లుడూ, అదే! ఇరవై ఏళ్ళు! చూడు, తోక ఎలా ఆడిస్తోందో చూడు!"

పిట్ట గోడ మీదినుంచి ఎగిరింది.

"వస్తోంది" అన్నారు మామగారు. చిన్నపిల్లాడి ముఖమైపోయింది ఆయనది. "నా దగ్గరికే వస్తోంది!"

మేస్త్రీ చేతులు రెండూ ఎత్తి అరిచాడు. పెద్ద చప్పుడేం కాలేదు, ఎవరో వేలితో ఒకసారి తలుపు తట్టినంత. అద్దం మీద పిడికెడు మేర నూగు అంటుకుంది. దాని వెనక గోడ ఖాళీగా ఉంది.

మేస్త్రీ బయటికి వెళ్ళి కిటికీ కింద వంగాడు. పిట్ట ఇంకా వెచ్చగానే ఉంది, తల మాత్రం ఎటు వంచితే అటు వాలిపోతోంది. ముక్కులో పచ్చపురుగు ఒకటి ఇంకా కదులుతోంది. అద్దంలో కనబడిన తీగనే గూడనుకుని పిల్లల కోసం తీసుకెళుతున్నదే అయి ఉంటుంది. తుడిచిన చెయ్యి తనదే. ఆ చేత్తోనే దాన్ని పట్టుకుని కూర్చున్నాడు. ఆ ముసలాయనతో ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి? ఎగిరిపోయిందని చెబితే? తీగ కింద పాతిపెట్టేస్తే?

"అల్లుడూ! చచ్చిపోయిందా?"

దాచి లాభం లేదు. లోపలికి తెచ్చి, తప్పు చేసిన పిల్లాడిలా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఇలా తీసుకురా." మామగారు చెయ్యి చాచారు. అరచేతిలో పెట్టుకున్నారు, రెక్క విప్పారు, తోక కింద తెలుపు చూశారు, ముసుగు మీద వేలితో నిమిరారు. మేస్త్రీ ఆయన ముఖం వంక చూడటానికి భయపడుతూ చూశాడు. ఆ ముఖంలో దుఃఖం లేదు. అది వెలిగిపోతోంది.

"మంచిదే అయింది" అన్నారు మామగారు. "ఇక ఎక్కడికీ పోదు. వాడు ఆలస్యంగా వచ్చినా పోదు. నిద్ర పట్టిందా, కళ్ళజోడు మార్చారా అని అడగమను, చేతిలో పెడతాను."

ఈయనేనా ఈ మాట అంటున్నది అనుకున్నాడు మేస్త్రీ. రాలిన ఈక దొరికితే కడిగి దాచుకునే మనిషి, గాయపడ్డ పావురాన్ని చంకలో పెట్టుకుని కార్యాలయానికి వెళ్ళిన మనిషి! బయట తీగలో ఆడపిట్ట అద్దం కోస్తోంది. ఆపకుండా కోస్తోంది. మామగారి చెవులకి అందదు. మేస్త్రీకి అందుతోంది.

డాక్టరు వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు. పిట్టని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చాలాసేపు చూశాడు, ముఖం పాలిపోయింది. తిరిగొచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. "నాదే తప్పు. ఇరవై ఏళ్ళు మీకు అన్యాయం చేశాను. నన్ను క్షమించండి" అన్నాడు. ఆ మాట కోసం మామగారు ఎన్నాళ్ళు ఎదురుచూశారో గానీ, అది చేతికందాక ఏం చెయ్యాలో తోచక, "అమ్మాయ్, డాక్టరుగారికి టీ పెట్టు" అన్నారు.

టీ తాగుతూ డాక్టరు అడిగాడు. "ఇది మగది కదా. జంట ఏమైనా ఉందా? గూడు?"

మేస్త్రీ నోరు విప్పేలోపలే మామగారు అందుకున్నారు. "ఉంది. చూపించవోయ్."

"మామయ్యా, ఇప్పుడు ఆడది ఒక్కతే ఉంది. జనం వస్తే బెదురుతుంది. పిల్లలు..."

"చూపించమంటున్నాను. సగం చూపించి మళ్ళీ నమ్మమంటే ఎవడు నమ్ముతాడు?" మామగారు దుర్భిణి తాడు వేళ్ళకి చుట్టుకున్నారు. మేస్త్రీ ఆ వేళ్ళ వంక చూశాడు. ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేదు. లేచి వెళ్ళి చూపించాడు.

మర్నాటికే సంఘం సంఘమంతా పెరట్లో ఉంది. పొడుగాటి కెమెరాలు, మడత కుర్చీలు. అందరూ మర్యాదస్తులే, గుసగుసలాడుకుంటూనే ఉన్నారు, కానీ ఎందరు గుసగుసలాడితే అంత గుసగుస. ఒక్కొక్కరే లోపలికి వచ్చి మామగారి చెయ్యి పట్టుకుని అభినందించి వెళుతున్నారు. ఆనాడు కళ్ళజోడు మాట అడిగినాయన అయితే కంటతడే పెట్టుకున్నాడు. మామగారు అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నారు. రాత్రిళ్ళు నిద్రపోతున్నారు.

"వీళ్ళని పంపించెయ్యండి" అంది మేస్త్రీ భార్య, అతన్ని వంటింట్లోకి లాగి. "అది గూట్లోకి వెళ్ళలేకపోతోంది. మేత నోట్లో పెట్టుకుని పొద్దుటి నుంచి గోడ మీదే అటూ ఇటూ తిరుగుతోంది. నా కళ్ళతో చూడలేకపోతున్నాను."

"మీ నాన్నకి నువ్వు చెబుతావా?"

ఆవిడ పొయ్యి వైపు తిరిగింది. వచ్చినవాళ్ళకి తనే చెప్పాలనుకుని మేస్త్రీ పెరట్లోకి దారి తీశాడు. అందరినీ వెళ్ళిపొమ్మని గేటు వేసేస్తే సరి. గేటు మీద చెయ్యి వేశాడు కూడా. వెనకగది కిటికీలోంచి మామగారి నవ్వు వినబడింది. పెద్దగా, గొంతు తెరుచుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వు ఇల్లరికం వచ్చిన కొత్తలో విన్నాడు, మళ్ళీ ఇదే. గేటు మీద చెయ్యి తీసేసి, వచ్చినవాళ్ళకి కుర్చీలు సర్దాడు.

వారం తిరక్కముందే తీగలోంచి చప్పుడు ఆగిపోయింది. చూడటానికేమీ లేకపోయేసరికి జనం కూడా పల్చబడ్డారు. చివరి మనిషి వెళ్ళాక, మామగారు కునుకు తీస్తుండగా, మేస్త్రీ నిచ్చెన వేసుకుని ఎక్కాడు. మూడూ గూట్లోనే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి, నోళ్ళు తెరుచుకుని. చీమలు పట్టాయి. గూటితో సహా కిందికి దించితే భార్య చేత్తోనే మన్ను తీసింది. పాతిపెట్టి, చేతులు కడుక్కుని, ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా లోపలికి వచ్చారు. మేస్త్రీ సున్నం డబ్బా తీసి కిటికీ అద్దానికి మళ్ళీ గీతలు పెట్టాడు.

"పిల్లలెలా ఉన్నాయి?" అన్నారు మామగారు మెలకువ వచ్చి.

మేస్త్రీ అద్దం వైపే తిరిగి ఉన్నాడు. "ఎగిరిపోయాయి మామయ్యా."

"మూడూనా?"

"మూడూ. ముందు రెండు పొద్దున ఎగిరాయి. మూడోది కాస్త భయపడింది. తల్లి దగ్గరుండి తీసుకెళ్ళింది."

"నువ్వు చూశావా?"

"నా కళ్ళతో చూశాను."

మామగారు కళ్ళు మూసుకుని తల ఊపారు. సాయంత్రం ఫోను అడిగి తీసుకుని డాక్టరుకి ఆయనే చెప్పారు, ఒక్క ముక్క పోకుండా, మూడోది భయపడిన సంగతితో సహా.

నెలాఖరు సభకి మామగారి బదులు మేస్త్రీ వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళనంటే కారణం చెప్పాలి. ముందు వరసలో కుర్చీ వేశారు. డాక్టరు లేచి అంతా చెప్పాడు. ఆనాటి తమ పొరపాటు చెప్పాడు, మామగారి కన్ను ఎంత నిఖార్సయినదో చెప్పాడు. చివర్లో, ఆ జంట పిల్లలు మూడూ క్షేమంగా ఎగిరిపోయాయని, ఇది స్వయంగా ఆయన చెప్పిన మాట అని, ఎవరికైనా సందేహాలుంటే అడగవచ్చని అన్నాడు. మేస్త్రీ తల వంచుకుని ఎదురుచూశాడు. ఎవరైనా అడిగితే బాగుండును అనుకున్నాడు. ఒక్కరు, ఒక్క ప్రశ్న, గూడు ఇప్పుడెక్కడుందని అడిగినా చాలు, నిజం చెప్పేస్తాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఇంటికి వచ్చేసరికి మామగారు మేలుకునే ఉన్నారు.

"ఏమైంది? చెప్పు."

"ఒప్పుకున్నారు మామయ్యా. అందరూ లేచి నిలబడ్డారు."

"ప్రశ్నలు?"

"ఎవరూ వెయ్యలేదు."

"పిల్లల సంగతి? అది కూడా నమ్మారా?"

"నమ్మారు."

మామగారు అల్లుడి చెయ్యి అందుకుని తన గుండె మీద పెట్టుకున్నారు. "నా మాట మీదే!" అన్నారు, మెల్లగా. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడానికి మేస్త్రీకి చేతకాలేదు. ఆయన నిద్రపోయేదాకా అలాగే వంగి నిలబడ్డాడు.